నోటు మనది, ఆర్డరు వాళ్ళది

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మైకు చేతికిస్తే సాధారణంగా డి.ఆర్. గురించో, పి.ఆర్.సి. గురించో, వైద్య బిల్లుల గురించో మాట్లాడతాం. వాటి గురించి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఇప్పటికే మాట్లాడారు. కాబట్టి నేను ఈరోజు మా ఇంట్లో నడిచిన ఒక ఫైలు గురించి చెబుతాను. ఇటువంటి ఫైలు మీలో చాలామంది ఇళ్ళలో ఇప్పటికే తెరిచి ఉంటుంది, లేకపోతే రేపో మాపో తెరుస్తారు.

మా మనవరాలికి 26 ఏళ్ళు. ఇంజనీరింగులో ఎలక్ట్రానిక్స్ చదివింది. 2020 నోటిఫికేషనులో పరీక్ష రాసి గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుగా చేరింది. మొదట్లో నెలకు 15 వేలు. ప్రొబేషను పూర్తయి, రెగ్యులరైజ్ అయ్యి, స్కేలులో పడింది. ప్రతినెలా 1వ తేదీ తెల్లవారకముందే ఇల్లు కదిలి ముసలీ ముతకా ఇళ్ళకు పోయి పింఛన్లు ఇచ్చి వస్తుంది. "మీ మనవరాలు బంగారం" అని దారిలో కనబడినవాళ్ళు చెబుతుంటే, మా ఇంట్లో మూడో తరం కూడా సర్కారు కొలువులో కుదురుకుందని నేను మీసం దువ్వుకుంటూ ఉండినాను.

ఒకరోజు సాయంత్రం మిద్దె మీద కూర్చుని ఉంటే వచ్చి పక్కన కూర్చుంది. "తాతా, నేను ఎయిర్‌పోర్టు ఉద్యోగానికి పరీక్ష రాస్తా. నువ్వు వద్దంటే నాయన కూడా వద్దంటాడు. అందుకే ముందు నీకు చెబుతావుండా" అనింది.

ఇంట్లో సంగతి తెలిసేసరికి తలా ఒక మాట. మా అబ్బాయి, "పర్మనెంటు ఉద్యోగం చేతిలో పెట్టుకుని ఇదేం బుద్ధి?" అన్నాడు. మా కోడలు, "రాత్రి డ్యూటీలంట. సంబంధాలు ఎట్టా వస్తాయి?" అనింది. మా ఇంటావిడ మాత్రం, "ముందు ఆ బిడ్డ చెప్పేది పూర్తిగా వినండి" అనింది. చివరికి అందరూ నా ముఖం చూశారు. కొత్త ఉద్యోగమంటే మన ఊళ్ళో ఇంకా టీచరు ఉద్యోగమే. డైట్ మన ఊళ్ళోనే ఉంది గనుక ఆ దారి అందరికీ తెలుసు. ఎయిర్‌పోర్టు దారి ఎవరికీ తెలియదు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దానికి కారణం నా పాత కథ. 1971లో రేణిగుంట దగ్గర విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. 1976లో అది ప్రారంభమైంది. అప్పటికి నాకు 26 ఏళ్ళు, సరిగ్గా ఇప్పటి మా మనవరాలి వయసు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి నాలుగేళ్ళయింది. కొత్తగా తెరిచినచోట రాతకోతలకు మనుషులు కావాలని ఒక మిత్రుడు చెబితే ఎగిరి గంతేశాను. అర్జీ కూడా రాశాను. మా నాయన దాన్ని చూసి, "గాల్లో పోయేదాన్ని నమ్ముకుని నేల మీద ఉండే కొలువు వదులుతావా?" అని ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో వేశాడు. ఆయన చెప్పింది తప్పని నేను ఈరోజుకీ అనను. ఈ కొలువే నా పిల్లలను చదివించింది, ఈరోజు నాకు పెన్షను ఇస్తున్నది. కాని ఒక్క మాట. ఆ ఉద్యోగం ఏమిటి, జీతమెంత, పని ఎట్లా ఉంటుంది అని మా నాయన అడగలేదు, నేనూ చెప్పలేదు. విచారణ లేకుండానే అర్జీ తిరస్కరించబడింది. యాభై ఏళ్ళుగా నా మనసులో మిగిలిన ముల్లు అదే. ఉద్యోగం రాలేదని కాదు, ఆ నిర్ణయం నాది కాలేదని.

అందుకే ఈసారి ఫైలు సక్రమంగా నడపాలనుకున్నాను. ముందు విషయ సేకరణ.

ఎయిర్‌పోర్టు ఉద్యోగమని మనం ఒకే మాటలో అంటాం గాని, దాని కింద పది రకాల ఉద్యోగాలున్నాయి. కౌంటరులో టికెట్టు చూసి సామాను తీసుకునేవాళ్ళు విమాన సంస్థ మనుషులో, ఆ సంస్థ పని అప్పగించిన కాంట్రాక్టు ఏజెన్సీ మనుషులో అయ్యుంటారు. గేటు దగ్గర తుపాకీతో నిలబడేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం. 2000వ సంవత్సరం నుంచి విమానాశ్రయాల కాపలా క్రమంగా వాళ్ళ చేతికి వచ్చింది. పాస్‌పోర్టు చూసేవాళ్ళు వేరు, కస్టమ్స్ వాళ్ళు వేరు, అగ్నిమాపక సిబ్బంది వేరు. ఇక టవర్లో కూర్చుని ఏ విమానం ఎప్పుడు దిగాలో, ఎంత ఎత్తులో పోవాలో చెప్పేవాళ్ళున్నారు. దాన్నే ఎ.టి.సి. అంటారు. ఇది 1995 ఏప్రిల్ 1న ఏర్పడిన భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కింద ఉంటుంది. బెంగళూరు, హైదరాబాదుల్లో 2008లో తెరిచిన కొత్త విమానాశ్రయాలను ప్రైవేటు కంపెనీలు నడుపుతున్నా, అక్కడ కూడా ఎ.టి.సి. పని ఈ ప్రభుత్వ సంస్థదే.

మా అమ్మాయి రాస్తానన్నది ఈ ఎ.టి.సి. ఉద్యోగానికి, జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు. ఫిజిక్సు, మ్యాథ్సుతో బి.ఎస్సీ. గాని, ఇంజనీరింగు గాని చదివి ఉండాలి. గరిష్ఠ వయసు 27, రిజర్వేషను వర్గాలకు సడలింపు ఉంది. స్కేలు 40,000 నుంచి 1,40,000. రాతపరీక్ష తర్వాత గొంతు పరీక్ష అని ఒకటుంటుంది. మాట తడబడకుండా, స్పష్టంగా ఉన్నదా అని చూస్తారు. తర్వాత మానసిక పరీక్ష, వైద్య పరీక్ష. ఎంపికైతే అలహాబాదు, గోందియా, హైదరాబాదు కేంద్రాల్లో ఎక్కడైనా శిక్షణ ఇస్తారు. ఆ తర్వాత దేశంలో ఎక్కడ వేస్తే అక్కడికి పోవాలి.

కాగితాల్లో ఉండేది ఇంత. మనం గుమాస్తాలుగా పనిచేసినవాళ్ళం, స్థల తనిఖీ లేకుండా నోటు రాయకూడదని తెలిసినవాళ్ళం. కాబట్టి ఒక ఆదివారం తెల్లవారుజామున నేనూ, మా మనవరాలూ బయలుదేరినాం. పుత్తూరు దాకా బస్సు, అక్కడి నుంచి రైల్లో అరక్కోణం మీదుగా మద్రాసు సెంట్రల్. ఎదురుగా పార్కు స్టేషనులో కరెంటు రైలెక్కి తిరుసూలంలో దిగితే ఎదురుగానే మీనంబాక్కం విమానాశ్రయం. రైల్లో ఆమెకు ఒక సంగతి చెప్పాను. 1932 అక్టోబరులో మన దేశంలో తొలి టపా విమానం జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి నడిపితే, అక్కడి నుంచి ఆ టపాను ఇంకో పైలటు బళ్ళారి మీదుగా మద్రాసుకు తెచ్చాడు. "అయితే తాతా, ఎయిర్‌పోర్టు మనకేమీ కొత్త కాదు, మనమే దానికి కొత్త" అనింది.

టికెట్టు లేనివాళ్ళను లోపలికి పోనివ్వరు గనుక బయటే నిలబడి చూశాం. ఒక గంట చూస్తే చాలు, మన తిరుపతి బస్టాండుకు ఏమీ తీసిపోదు. కార్లు వచ్చేవి వస్తుంటే పోయేవి పోతున్నాయి. గల్ఫుకు పోయే బిడ్డను పట్టుకుని ఏడ్చే తల్లి ఒకపక్క, పూలమాలతో ఎదురుచూసే వాళ్ళు ఒకపక్క. మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడు అక్కడ కాంట్రాక్టు ఏజెన్సీలో పనిచేస్తాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగి మా దగ్గరికి వచ్చాడు. మేము తీసుకుపోయిన పెరుగన్నం ముగ్గురం పంచుకుని తిన్నాం.

ఆ పిల్లవాడు దాచకుండా చెప్పాడు. "పెదనాయనా, ఈడ పండగ అంటే రద్దీ అని అర్థం. సంక్రాంతికి ఊరికొచ్చి మూడేళ్ళయింది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఒళ్ళు దేనికీ అలవాటు పడదు. విమానం లేటైతే నేనే దాన్ని పట్టుకుని ఆపినట్టు తిడతారు. నవ్వతానే నిలబడాల." నేను, "మరి ఎందుకు చేస్తుండావు?" అని అడిగాను. వాడు కొంచెంసేపు ఆలోచించి, "మొన్నొక అవ్వ ఒంటరిగా వచ్చింది. తొలిసారి విమానం ఎక్కడం. గేటు దాకా నా చెయ్యి వదల్లేదు. అట్టాంటి రోజు ఇంటికి పోయేటప్పుడు కాళ్ళనొప్పులు తెలియవు పెదనాయనా" అన్నాడు.

మా మనవరాలు ఏమీ మాట్లాడకుండా వింటూ ఉండింది.

ఎ.టి.సి. పని గురించి నాకు మొదట అర్థం కాలేదు. ఆమే నాకు ఒక పాఠం చెప్పింది. టవరు నుంచి ఒక ఆదేశం ఇస్తే, పైలటు దాన్ని తిరిగి చదివి వినిపించాలి. తప్పుంటే కంట్రోలరు వెంటనే సరిదిద్దాలి. ఇది వినగానే నాకు మన ఆఫీసు గుర్తుకొచ్చింది. టైపు అయిన కాగితాన్ని ఒకరు చదువుతుంటే ఇంకొకరు అసలుతో సరిచూసేవాళ్ళం కదా! ఒక సర్వే నెంబరులో ఒక అంకె తప్పుపడితే ఒక రైతు పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాడు. మన తప్పు పదేళ్ళలో తేలుతుంది. వాళ్ళ తప్పు పది సెకన్లలో తేలుతుంది. అంతే తేడా.

1977 మార్చి 27న టెనెరిఫ్ అనే ద్వీపంలో మంచులో రెండు పెద్ద జంబో విమానాలు ఒకే రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి రాకుండానే ఒక విమానం బయలుదేరింది. సరిగ్గా ఆ క్షణంలో రేడియోలో రెండు మాటలు ఒకేసారి పడి ఒకదాన్నొకటి మింగేశాయి. ఆ తర్వాతనే 'టేకాఫ్' అనే మాటను ఆ అనుమతి ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప వాడరాదని కట్టుబాటు పెట్టారు. మన దేశంలో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది పోయారు. 15 వేల అడుగుల ఎత్తులో ఉండమన్న విమానం అంతకన్నా కిందికి దిగింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు చాలినంత రాకపోవడం కూడా ఒక కారణమని విచారణలో తేలింది. ఇవి చెప్పి మా మనవరాలు, "తాతా, ఈ ఉద్యోగంలో మాటకు విలువ ఉంది. నాకు కావలసింది అదే" అనింది.

ఆ రాత్రి ఇంటికి చేరేసరికి పదకొండు. మిద్దె మీద పడుకుంటే ఆకాశంలో మినుకుమినుకుమంటూ ఒక విమానం పోతున్నది. మన కార్వేటినగరం మీదుగా పోయేదానికి దారి చెప్పేది కూడా చెన్నై కేంద్రమేనట. ఇన్నేళ్ళు దాన్ని చూసి చిన్నపిల్లలకు చెయ్యి ఊపమన్నాను గాని, దానితో ఎవరో ఒకరు మెలకువగా మాట్లాడుతున్నారని నాకు తోచనే లేదు.

మరునాడు కాగితం తీసుకుని నోటు రాశాను. మీలో సెక్షను చూసినవాళ్ళకు ఆ పద్ధతి తెలుసు. అనుకూలం, ప్రతికూలం, రూల్ పొజిషన్, చివర సూచన.

1. ప్రస్తుత ఉద్యోగం సొంత జిల్లాలో ఉంది. పగటి పని, ఇంటి భోజనం, నలుగురిలో మంచి పేరు. దీని విలువ తక్కువ కాదు.

2. అయితే పెద్దలమైన మనం సర్కారు ఉద్యోగాన్ని పట్టుకోమనడానికి ప్రధాన కారణం పెన్షను. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి మన రాష్ట్రంలో ఆ పాత పెన్షను లేదు. మన అనుభవాన్ని ఆమె ఉద్యోగానికి అతికించడం సరికాదు. కొత్త ఉద్యోగంలో కూడా మన పెన్షను వంటిది లేదు. కాబట్టి ఆ అంశం ఎటూ మొగ్గదు.

3. విమాన సంస్థల ఉద్యోగమైతే స్థిరత్వం తక్కువ. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. కరోనా కాలంలో 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో ప్రయాణికుల విమానాలే తిరగలేదు. అర్జీ పెట్టేది ప్రభుత్వ సంస్థకు గనుక ఈ భయం అంతగా లేదు. ఏ ఎయిర్‌పోర్టు ఉద్యోగమైనా ఒకటే అనుకునేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవవలెను.

4. రాత్రి డ్యూటీ, బదిలీలు, మనసు మీద భారం. నిద్రకు సంబంధించిన నియమాలు ఊరికే పెట్టినవి కావు. 2025 డిసెంబరు మొదటి వారంలో పైలట్ల విశ్రాంతి నియమాలకు సరిపడా మనుషులు లేక ఇండిగో సంస్థవి వేల సర్వీసులు రద్దయ్యాయి. కౌంటర్లలో నిలబడిన చిన్న ఉద్యోగులే జనం కోపాన్ని మోశారు. ఆరోగ్యం, నిద్ర చెడకుండా ఎన్నేళ్ళు చేయగలదో అభ్యర్థి తానే ఆలోచించుకోవలెను.

5. పెళ్ళి విషయం. ఆసుపత్రి నర్సులు, టెలిఫోను ఆపరేటర్లు రాత్రి డ్యూటీలు చేస్తూనే సంసారాలు చేశారు, పిల్లలను పెంచారు. ఇది అడ్డంకిగా పరిగణించనక్కరలేదు. (ఈ పేరా చదివి మా కోడలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆమే వచ్చి, "మా పిన్నమ్మ కూడా నర్సే కదా మామా" అనింది.)

6. రూల్ పొజిషన్. శాఖ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని సక్రమ మార్గంలోనే దరఖాస్తు చేయవలెను. దొంగచాటుగా రాస్తే వచ్చిన ఉద్యోగంలో చేరేటప్పుడు చిక్కు. నియామకపు ఆర్డరు చేతికి వచ్చి, వైద్య పరీక్ష పూర్తయ్యేదాకా ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వరాదు. కోచింగు కోసం సెలవు పెట్టి జీతం పోగొట్టుకోనక్కరలేదు.

ఈ నోటు రాస్తున్న రోజుల్లోనే మా అబ్బాయికి ఒక ఫోను వచ్చింది. చెన్నై ఎయిర్‌పోర్టులో ఉద్యోగం రెడీగా ఉందట, యూనిఫారానికి, ట్రైనింగుకు డిపాజిట్టు కింద 45 వేలు పంపితే చాలునట. మా అబ్బాయి ఆశపడి నా దగ్గరికి వచ్చాడు. బ్యాంకులో నా ఫిక్సెడ్ డిపాజిట్టు సంగతి అతనికి తెలుసు కదా! నేను ఫోను తీసుకుని, "అయ్యా, నోటిఫికేషను నెంబరు, తేదీ చెప్పండి" అన్నాను. అవతలివాడు ఫోను పెట్టేశాడు. మిత్రులారా, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. పరీక్ష ఫీజు తప్ప ఉద్యోగానికి సొమ్ము అడిగేది ప్రభుత్వ సంస్థ కాదు. పెన్షనర్ల డిపాజిట్లను చూసే ఇటువంటి ఫోన్లు చేస్తారు. రసీదు లేని సొమ్ము, నెంబరు లేని ఆర్డరు రెండూ ఒకటే.

ఇక నోటు చివర సూచన రాయాలి. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. 36 ఏళ్ళ సర్వీసులో ఎన్ని నోట్లు పెట్టానో లెక్క లేదు. ఎన్నడూ ఆర్డరు వేయలేదు, వేసే అధికారం నాకు లేదు. మనం విషయం సరిగా పెట్టాలి, ముందు జరిగినవి గుర్తుచేయాలి, ప్రమాదం ఉంటే ఎర్ర గీత గీయాలి. సంతకం చేసేది మాత్రం ఆ బాధ్యత మోసేవాళ్ళు. ఇంట్లో మాత్రం మనం ఆ సంగతి మరిచిపోతాం. తెల్లవెంట్రుకలు రాగానే కలెక్టరు సీట్లో కూర్చున్నట్టు ఆర్డర్లు వేస్తాం. మా నాయన చేసింది అదే. ఆ రాత్రి డ్యూటీ చేసేది మా నాయన కాదు, నేను. ఇప్పుడు చేసేది నేను కాదు, ఆమె.

అందుకని చివర ఇట్లా రాశాను. "పై విషయాలు పరిశీలించి తగు ఉత్తర్వులు ఇవ్వవలసినది అభ్యర్థినియే." కింద సంతకం చేసి మా మనవరాలి ముందు పెట్టాను.

ఆమె మొదట నవ్వింది. తర్వాత రెండు రోజులు దగ్గర పెట్టుకుంది. మూడోరోజు మార్జినులో రాసి నా బల్ల మీద పెట్టింది. "నోటు చూశాను. పేరా 6 ఆమోదించడమైనది. ఆర్డరు చేతికి వచ్చేదాకా ఈ ఉద్యోగం వదలను. పరీక్ష రాస్తాను. పేరా 4 గురించి భయం ఉంది, దాచను. అయినా రాస్తాను." నాకు నచ్చింది ఆ చివరి రెండు మాటలు. భయం లేదని రాసి ఉంటే నేనే ఫైలు వెనక్కి పంపేవాణ్ణి.

మొదటిసారి రాసింది, మార్కులు చాలలేదు. ఇంట్లో ఎవరూ 'నేను ముందే చెప్పలేదా' అనలేదు. అదే పెద్ద గొప్ప. మళ్ళీ రాసింది. ఫలితం ఇంకా రాలేదు. ఈ నెల 1వ తేదీన కూడా తెల్లవారకముందే లేచి పింఛన్లు ఇచ్చి వచ్చింది. రావచ్చు, రాకపోవచ్చు. వయసు కొద్దిగా మాత్రమే మిగిలి ఉంది. రాకపోతే బాధ ఆమెదే, వస్తే ఇల్లు విడిచిపోయే బాధ మాది. రెంటికీ సిద్ధంగా ఉన్నాం.

తోటి పెన్షనర్లకు నా మనవి ఇంతే. పిల్లలు ఉద్యోగం మారతామంటే ముందు జీతం అడక్కండి, పరువు అడక్కండి. పని ఏమిటి, ఎన్ని గంటలు, ఎవరి కింద, ఆర్డరు ఎవరిస్తారు అని అడగండి. వీలైతే ఒకరోజు వెంటపోయి ఆ చోటు చూసి రండి. మనకు తెలిసింది నోటులో పూర్తిగా రాయండి, ఏదీ దాచకండి. ఆర్డరు మాత్రం వాళ్ళనే వేయనివ్వండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. భోజనాలు చల్లారకముందే సెలవు తీసుకుంటున్నాను.